ముడి విప్పే అధికారం

శౌరయ్య భార్య తెరేసమ్మను ఆశ్రమం వాళ్లు మంచానికి కట్టేసి చంపారు. ఇందులో వాదించుకోవడానికి ఏమీ లేదు. కోర్టుకు మాత్రం వాదన కావాలి, సాక్షి కావాలి, ఆ సాక్షి వచ్చి జడ్జి ముందు నోరు విప్పాలి. అందుకని శౌరయ్య ఆ వేసవి మొదట్లో పామర్రుకీ బెజవాడకీ మధ్య బస్సుల్లో తిరుగుతూనే ఉన్నాడు. సీటు దొరికినా కూర్చునేవాడు కాదు. కూర్చుంటే మోకాళ్లు వాటంతటవే ఆడేవి. పక్కవాళ్లు వాటికేసి చూసేవాళ్లు.

ఆశ్రమం కొండపల్లి దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంది. దాని పేరు శౌరయ్య నోట రాదు. ‘అక్కడ’ అంటాడు, లేకపోతే ‘వాళ్లు’ అంటాడు. పెద్దమనుషులు కొందరు చందాలు వేసుకుని, చూసేవాళ్లు లేని ముసలి ఆడవాళ్ల కోసం కట్టించారు. సూపరింటెండెంటు కృపానందం తెల్ల లాల్చీ వేసుకుని, ఎవరు వెళ్లినా చేతులు జోడించి మాట్లాడతాడు. తెరేసమ్మను చేర్చిన రోజు శౌరయ్యకు కూడా అలాగే చేతులు జోడించాడు. “కన్నతల్లిలా చూసుకుంటాం. మీరు నిశ్చింతగా వెళ్లండి” అన్నాడు. శౌరయ్య నమ్మాడు. అంత తెల్ల లాల్చీ వేసుకున్న మనిషి తనకు చేతులు జోడించడం అదే మొదలు.

చేర్చక ఏం చేస్తాడు? తెరేసమ్మకు పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. ఆ పక్క కొంత తేరుకుంది గాని మతి తేరుకోలేదు. వేళాపాళా లేకుండా లేచి, గోడ పట్టుకుని, ఎప్పుడో పసిగుడ్డుగా పోయిన కూతురికి పాలు పట్టాలని బయల్దేరేది. రెండుసార్లు పంటకాలవలో పడింది. శౌరయ్యకున్నది కౌలుకు తీసుకున్న ఎకరన్నర, ఒక ఒంటెద్దు బండి. ఊడ్పుల రోజుల్లో పొలాన్ని చూడాలా, మనిషిని చూడాలా? పిల్లలు లేరు. చెల్లెలు మాణిక్యమ్మ పామర్రులో ఉంది గాని నా వల్ల కాదంది. అప్పుడు ఊరి చర్చిలో ప్రార్థనలు చెప్పే ఉపదేశి ఆశ్రమం సంగతి చెప్పాడు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. మతి లేక తిరిగే ముసలాళ్లు పడి కాళ్లు విరగ్గొట్టుకోకుండా మంచం పట్టెకు కడతారు. తాడుతో కట్టరు, తాడు ఒరుసుకుంటుంది. ఎవరి మూటలో వాళ్లు తెచ్చుకున్న పాత నూలుచీరలనే పేలికలుగా చింపి కడతారు. అది దయగల పద్ధతని వాళ్ల లెక్క. ఆయాలు తమ ఇష్టం వచ్చినట్టు కట్టి విప్పితే క్రమం తప్పుతుందని కృపానందం ఒక నియమం పెట్టాడు. కట్టడం ఆయా పని, విప్పమనడం ఆయన పని. పొద్దున్నే వార్డులోకి వచ్చి, ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి, “విప్పండి” అంటాడు. అప్పుడు విప్పుతారు.

పోయిన వానాకాలంలో ఆయన ఏదో సభకని ఏలూరు వెళ్లాడు. ముసురు పట్టుకుని రెండు రోజులు అక్కడే ఉండిపోయాడు. తెరేసమ్మ పక్క తడుపుకుంది, కిటికీలోంచి జల్లు కూడా పడింది. తడిసిన నూలుగుడ్డ బిగుస్తుంది. పశువును కట్టేసే ఏ ఇంట్లోనైనా చంటిపిల్లకు తెలిసిన సంగతి అది. ఆమె కుడిచెయ్యి, బాగున్న చెయ్యి, ముందు వాచింది, తర్వాత నల్లబడింది. ఆయా ఆదెమ్మ చూసింది. చూసి, అయ్యగారు రానీ అంది. అయ్యగారు వచ్చేసరికి తెరేసమ్మకు ఒళ్లు తెలియని జ్వరం. ఆ జ్వరంలోనే పోయింది.

శౌరయ్య వెళ్లేసరికి స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, చేతికి శుభ్రంగా కట్టు కట్టి ఉంచారు. “గుండె ఆగిందండీ. నిద్రలోనే. పుణ్యాత్మురాలు” అన్నాడు కృపానందం, మళ్లీ చేతులు జోడించి. శవాన్ని అద్దె వ్యానులోకి ఎక్కిస్తుంటే పక్కమంచం మనిషి సంపూర్ణమ్మ నేలమీద పాక్కుంటూ గడప దాకా వచ్చింది. ఆమెకు రెండు కాళ్లూ చచ్చుబడి చాలా కాలమైంది.

“అన్నయ్యా, ఆ చెయ్యి విప్పి చూసుకో” అంది. అంతే అంది.

ఉయ్యూరు దాటాక వ్యానులో విప్పి చూశాడు. మళ్లీ కట్టేశాడు. ఊళ్లో ఎవరికీ చూపించలేదు. సాయంత్రానికల్లా ఫాదర్ గారు ప్రార్థన చేసి మట్టి చేయించారు.

మట్టి చేశాక పోలీసుల దగ్గరికి వెళ్లడం అతను చేసిన తప్పని అందరూ అన్నారు. ఎస్సై ముందుగా అన్నాడు. “పాతేసి వచ్చి చెప్తావేంటయ్యా? సరే, సమాధి తవ్వించమని అర్జీ పెట్టు. డాక్టరు చూసి రాస్తాడు.”

“బతికుండగా కట్టేశారు. చచ్చాక తవ్వుతారా? నేను తవ్వనివ్వను.”

“అయితే నీది నోటిమాట కేసు. మాట చెప్పేవాళ్లుంటే ఉంటుంది, లేకపోతే లేదు.”

మామూలు రోజులైతే అతనిచ్చిన ఫిర్యాదు కాగితం అక్కడే చివికిపోయేది. ఎమర్జెన్సీ వచ్చాక ఆఫీసుల్లో గుమాస్తాలు వేళకు వస్తున్నారు, అర్జీలు కదులుతున్నాయి. శౌరయ్య కలెక్టరు గారికి పెట్టుకున్న అర్జీ కూడా కదిలింది. పోలీసులు ఆశ్రమానికి వెళ్లి వార్డులో ఉన్న ముసలాళ్లనందరినీ అడిగారు. అందరూ నిద్రపోయామన్నారు. సంపూర్ణమ్మ ఒక్కతే చూశానంది. మొదటి ముద్దాయి కృపానందం, రెండో ముద్దాయి ఆదెమ్మ. కేసు కోర్టుకెక్కింది.

గవర్నర్‌పేటలో సర్కారు ప్లీడరు సంజీవరావు గారి ఇంటి ముందుగదిలో రెండు కుర్చీలుండేవి. శౌరయ్య గుమ్మం పట్టుకుని నిలబడేవాడు.

“కూర్చోవయ్యా. నువ్వలా నిలబడితే నాకు మెడ నొప్పి” అన్నాడు సంజీవరావు.

“పర్లేదండీ.”

“నాకు పర్లేదు కాదు. సరే విను. వచ్చే శుక్రవారం మీ సంపూర్ణమ్మ సాక్ష్యం. ఆవిడ నిలబడితే కేసు నిలబడుతుంది.”

“ఆవిడ నిలబడలేదండీ. కాళ్లు లేవు.”

సంజీవరావు నవ్వబోయి ఆగాడు. “వాళ్ల ప్లీడరు ఏమంటాడో తెలుసా? కట్టలేదని ఒక నోటితో అంటాడు. కట్టినా ఆవిడ మేలు కోసమేనని ఇంకో నోటితో అంటాడు. మంచి మనసుతో, ఎదుటి మనిషి మేలు కోరి చేసిన పనికి శిక్ష లేదని చట్టంలోనే ఉంది.”

“చెయ్యి నల్లబడ్డాక కూడా మేలేనా?”

“అదీ ప్రశ్న! అక్కడ పట్టుకోవాలి మనం. నల్లబడ్డం చూసి కూడా విప్పలేదు, విప్పొద్దన్న నియమం కృపానందానిది. అక్కడ మేలు అయిపోయి నేరం మొదలైంది. కాని ఆ మాట నేను చెబితే చెల్లదు, నువ్వు చెబితే చెల్లదు. చూసిన మనిషి చెప్పాలి.”

“జట్కాకు లైసెన్సు లేకపోతే రోడ్డు మీద ఆపేస్తారు. కాఫీ హోటలుకు వచ్చి గ్లాసులు కడిగారా లేదా అని చూస్తారు. ముసలాళ్లను తెచ్చి పెట్టుకునేవాణ్ని అడిగే చట్టం లేదాండీ?”

“ఉందయ్యా. ఇలాంటి గృహాల మీద చట్టం ఉంది. వెళ్లి చూసే మనిషి లేడు.”

“అయితే ఉన్నట్టా లేనట్టా?”

“ఆ ప్రశ్న నన్నడక్కు. దాంతోనే నాకు అన్నం పెడుతున్నారు.” సంజీవరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “వెళ్లి ఆవిణ్ని చూసిరా. ధైర్యం చెప్పు. ఏం చెప్పాలో చెప్పకు. ధైర్యం మాత్రం చెప్పు.”

శౌరయ్యను ఆశ్రమం గేటు లోపలికి రానివ్వరు. వెనకవైపు ముళ్లకంచె ఉంది. వంటింట్లోకి కూర బాగుచేయడం, బియ్యం ఏరడం సంపూర్ణమ్మ పని. ఒకప్పుడు బెజవాడలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసింది. మొగుడు లేడు, అన్నదమ్ములు లేరు, కాళ్లు పోయాక హాస్టలు వాళ్లే తెచ్చి ఇక్కడ దింపారు. మధ్యాహ్నం ఎండ వాలాక ఆదెమ్మ ఆమెను ఎత్తుకొచ్చి, చేటతో సహా కంచె పక్కన కూర్చోబెట్టి పోతుంది. ఆ వేళ చూసుకుని శౌరయ్య వెళ్లాడు. దూరాన రోడ్డు మీద థర్మల్ స్టేషను పనులకు వెళ్లే లారీల దుమ్ము లేస్తోంది.

“ఆ కంపకు ఆనకు అన్నయ్యా. పంచె పోతే వెనక్కి ఎట్టా పోతావ్?” అంది సంపూర్ణమ్మ, తోటకూర కాడ విరుస్తూ. “ఏంటి సంగతి? తారీకు వేశారా?”

“శుక్రవారం.”

“కోర్టులో నాకు కుర్చీ వేస్తారా?”

“వేస్తారంట.”

“పెద్దమనిషి ముందు కుర్చీలో కూర్చోవడం! మా హాస్టలు వార్డెనమ్మ చూస్తే గుండాగి చచ్చేది. దానికోసమైనా రావాలి.” నవ్వింది. పళ్లు లేని నవ్వు. తర్వాత చేట పక్కన పెట్టింది. “చూసింది చూసినట్టు చెప్తాను. ఆ రెండు రోజులూ అది ఎట్టా అరిచిందో చెప్తాను. చివర్లో అరవను కూడా లేదు, అదీ చెప్తాను. నాకు భయం లేదు. చెప్పాక ఎక్కడికి పోవాలి?”

“ఎక్కడికేంటి?”

“నన్ను మళ్లీ ఇక్కడికి రానిస్తారా? పోనీ, కోర్టు భయానికి రానిచ్చారే అనుకో. నన్ను ఎత్తేదెవరు? ఆదెమ్మ. పొద్దున దొడ్డికి ఆదెమ్మ, ఎండలోకి ఆదెమ్మ, మంచం మీదికి ఆదెమ్మ. దాన్ని జైలుకు పంపే మాట చెప్పి, దాని మెడ చుట్టూ చేతులేసి వెనక్కి రమ్మంటావా?”

“అవి మనిషిని చంపిన చేతులు.”

“కాదన్నానా? నన్ను ఎత్తేవీ అవే. నాకు ఇంకో జత లేదు.”

శౌరయ్య కంచె వెంట నాలుగడుగులు అటు నడిచి, ఇటు తిరిగొచ్చాడు.

“ఎందుకట్టా కాలుగాలిన పిల్లిలా తిరుగుతావ్? నిలబడు. నాకేం మేడలక్కర్లేదు. శుక్రవారం రాత్రికి ఒక మంచం. దొడ్డికి తీసుకెళ్లడానికి ఒక ఆడమనిషి. గంజి పోసినా తాగుతాను. కూర తరగమంటే తరుగుతాను. ఆ చోటు చూడు. సాక్ష్యం నాది.”

“చూస్తాను.”

“చూస్తానంటే కాదు. చూసి చెప్పు. చూస్తాం చేస్తాం అన్నవాళ్లను నమ్మే ఇక్కడిదాకా వచ్చాను. నువ్వూ అంతేగా.”

ఆ మాట అతన్ని కంపలో ముల్లులా పట్టుకుంది. రోడ్డెక్కాడు.

పామర్రులో మాణిక్యమ్మ ఇల్లు రైసుమిల్లు వెనక. ఆమె మొగుడు ఏసుపాదం ఆ మిల్లులోనే పని చేస్తాడు. కనుబొమల మీద తవుడు దులుపుకోకుండానే అన్నానికి కూర్చున్నాడు. శౌరయ్య నిలబడే సంగతంతా చెప్పాడు.

“ఎవరావిడ?” అంది మాణిక్యమ్మ.

“చెప్పానుగా. సంపూర్ణమ్మ.”

“మనకేమవుతుంది?”

“ఏమీ కాదు.”

“వదిన్నే ఉంచుకోలేకపోయాను. ఏమీ కాని మనిషిని ఎట్టా ఉంచుకుంటానన్నయ్యా?”

“వదిన్ని ఉంచుకోలేదు కాబట్టే ఈవిణ్ని అడుగుతున్నాను.”

మాణిక్యమ్మ చేతిలో గరిటె గిన్నెలో పడింది. “అనెయ్. ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నావుగా, అనెయ్. నేనే చంపానను. ఆవిణ్ని రోజుకు నాలుగుసార్లు కడిగి, మీ బావకు వేళకు అన్నం పెట్టి, నా నడుంనొప్పితో నేను చచ్చేదాన్ని. నువ్వు మగాడివి, నీకేం తెలుసు?”

“నేనే కడిగాను రెండేళ్లు.”

ఏసుపాదం కల్పించుకున్నాడు. “నాలుగు రోజులంటే సరే బావా. సర్దుకుంటాం. కోర్టు అయ్యాక ఆవిణ్ని ఎక్కడ దింపుతావ్?”

“ఎక్కడా దింపను. చచ్చేదాకా.”

“ఎవరు చచ్చేదాకా?” అంది మాణిక్యమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

శౌరయ్య అక్కడ అన్నం తినలేదు.

తన ఇల్లు ఉంది. రెండు గదులు, ఒక వసారా, తెరేసమ్మ పడుకున్న మంచం. మంచం ఉంది, దొడ్డికి తీసుకెళ్లే ఆడమనిషి లేదు. పెళ్లానికి చేసిన పని పరాయి ఆడదానికి అతను చేయలేడు. చేస్తానన్నా ఆమె చేయించుకోదు. పక్కింటి కోడల్ని అడిగాడు. పొద్దునా సాయంత్రం కాస్త సాయం పట్టమన్నాడు. ఆ పిల్ల, అత్తనడిగి చెప్తానంది. అత్త ఆ మాటను చెప్పాల్సిన చోటల్లా చెప్పింది. మర్నాటికి టీ బడ్డీ దగ్గర నలుగురు తయారుగా ఉన్నారు.

“ఏం శౌరన్నా! పెళ్లికూతురికి కాళ్లు లేవంట?”

“లేకపోతేనే మంచిదిలేరా. పారిపోదు.”

“చర్చిలోకి ఎత్తుకెళ్లాలి మరి. నడుం ఉందా ఈ వయసులో?”

శౌరయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఒక్కొక్కడి మొహం చూశాడు. వాళ్లు నవ్వు ఆపేవరకు చూశాడు. ఆ మొహాల్ని అతను తర్వాత కూడా మర్చిపోలేదు. వాళ్లలో ఒకడు చనిపోతే మట్టికి కూడా వెళ్లలేదు.

ఫాదర్ గారు లోపలికి పిలిచి కుర్చీ చూపించారు. శౌరయ్య కూర్చోలేదు.

“నువ్వు చేస్తున్నది మంచిపనే శౌరయ్యా. కాని ఒంటరి మగాడివి. ఊళ్లో మాట పుట్టింది. నీ ఇంట్లో వద్దు.”

“అయితే మీరు ఏదన్నా కాన్వెంటులో చెప్పండి ఫాదర్ గారూ.”

“అడిగాను. రెండుచోట్ల అడిగాను. ఖాళీ లేదన్నారు. కోర్టు గొడవలో ఉన్న మనిషంటే వాళ్లూ జంకుతారు. రేపు తమ మీద ఎవరైనా...” అని ఆపేశారు.

“ఒక్కమాట చెప్పండి. ముసలిదాన్ని కట్టేసి, చెయ్యి చచ్చిపోతున్నా విప్పకపోవడం పాపమా కాదా?”

“పాపమే. అనుమానమేముంది?”

“అది పాపమని చెప్పబోయే మనిషికి మీ దగ్గర మంచం లేదు.”

ఫాదర్ గారు మంచివారు. ఆయన మొహం ఎర్రబడింది గాని కోప్పడలేదు. కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు. కాఫీ వచ్చేసరికి శౌరయ్య లేడు.

బెజవాడలో పెద్దాసుపత్రికి కూడా వెళ్లాడు. జబ్బుంటే తీసుకురా, కాళ్లు లేకపోవడానికీ ముసలితనానికీ బెడ్డు లేదన్నారు. ఏలూరు కాలవ గట్టునే నడిచాడు. ఎక్కడికి పోతున్నాడో తెలియకుండా నడిచి, వంతెన దగ్గర ఆగి, తిరిగొచ్చాడు. మనుషుల్ని ఉంచుకునే చోటు ఏదైనా కనపడితే చాలు, లోపలికి వెళ్లి అడిగాడు. అందరూ ముందు జాలిపడ్డారు, తర్వాత వాళ్ల కష్టం చెప్పుకున్నారు. వాళ్లు చెప్పిన కారణాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. తెరేసమ్మను అక్కడికి పంపిన నాడు తను చెప్పుకున్న కారణాలే అవి. ఆ సంగతి తెలిసినా ఎవర్నీ క్షమించలేదు.

శుక్రవారం పొద్దున్నే కోర్టుకు వెళ్లాడు. వరండాలో జనం. నల్లకోట్లు, బీడీ వాసన, సంకెళ్లతో ఒక కుర్రాడు, వాడి పక్కన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న కానిస్టేబులు. సంజీవరావు ఫైళ్లు పట్టుకుని వచ్చి, “ఎక్కడ మీ సాక్షి?” అన్నాడు.

రెండు రిక్షాలు వచ్చాయి. ముందు దాంట్లోంచి కృపానందం దిగాడు, ఎవరెవరికో చేతులు జోడించాడు. రెండో దాంట్లో సంపూర్ణమ్మ ఉంది, ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని. ఆమె పక్కన ఆదెమ్మ. ఆదెమ్మ దిగి, కొంగు నడుముకు దోపుకుని, వంగి, సంపూర్ణమ్మను చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకుంది. సంపూర్ణమ్మ చేతులు ఆదెమ్మ మెడ చుట్టూ వేసింది. రెండో ముద్దాయి సర్కారు సాక్షిని మోసుకుంటూ కోర్టు మెట్లెక్కింది.

“ఇదేం దారుణమయ్యా!” అన్నాడు సంజీవరావు. “ముద్దాయి సాక్షిని మోసుకురావడమేంటి? నేను అభ్యంతరం చెప్తాను. ఆమెను దింపించు, వేరే ఎవరిచేతైనా మోయించు.”

వరండాలో ఎవరూ ముందుకు రాలేదు. వాళ్లకేం పట్టింది? ఆదెమ్మ సంపూర్ణమ్మను గోడవార బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్లు సర్ది, చీర కుచ్చిళ్లు కిందికి లాగింది. శౌరయ్య దగ్గరికి వెళ్లేసరికి లేచి నిలబడింది. గట్టి మనిషి, నలభై దాటి ఉంటాయి. కళ్లు వాచి ఉన్నాయి.

“నన్ను జైల్లో పెట్టించండి బాబాయిగారూ” అంది ఆదెమ్మ. “పెట్టించి, వార్డులో ఉన్న ముసలాళ్లను మీరొచ్చి ఎత్తండి. ఇద్దరం ఆయాలం, అందర్నీ మేమే ఎత్తి దించాలి.”

“ఎత్తే చేతులకు ముడి విప్పడం రాలేదా?”

“విప్పితే మర్నాడు నేను గేటు బయట ఉండేదాన్ని. నాకు ముగ్గురు పిల్లలు.”

“నువ్వు చింపి కట్టింది పేలిక కాదు, నేను మూటలో పెట్టి పంపిన ఆమె పెళ్లిచీర.”

ఆదెమ్మ దూరంగా వెళ్లి స్తంభం పక్కన నిలబడింది.

సంపూర్ణమ్మ బల్ల మీదనుంచి అతనికేసే చూస్తోంది. ఆ పొద్దు నవ్వు లేదు, ఎగతాళి లేదు.

“దొరికిందా అన్నయ్యా?”

శౌరయ్య వెనక సంజీవరావు నిలబడి ఉన్నాడు. మెల్లిగా చెవి దగ్గర అన్నాడు: “దొరికిందని చెప్పు. ఇవాళ ఈ రెండు ముక్కలూ ఆవిడ నోట రానీ. తర్వాత ఏదో ఒకటి చూద్దాం. కోర్టుకైనా చెప్పి చూస్తాను. చెప్పవయ్యా!”

చెప్పడానికి ఎంతసేపు? దొరికిందమ్మా, రా. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంది, జడ్జి రాసుకుంటాడు, కృపానందం లాల్చీ చెమటకు తడుస్తుంది. తెరేసమ్మ చెయ్యి గురించి లోకంలో ఒక్కసారైనా గట్టిగా, అందరూ వినేలా చెప్పినట్టవుతుంది. సాయంత్రం ఐదింటికి కోర్టు మూస్తారు. ఐదింటికి ఈ మనిషిని ఈ బల్ల మీదనుంచి ఎత్తేదెవరు? ఏదో ఒకటి చూద్దామన్నవాడు ఇంటికి పోతాడు. ఫాదర్ గారు కాఫీ తెప్పిస్తారు. నిశ్చింతగా రమ్మని చెప్పినవాడు తనవుతాడు. ఆ లాల్చీవాడు తనకు చెప్పిన మాట, అదే గొంతుతో, తను చెప్పినట్టవుతుంది.

“దొరకలేదు” అన్నాడు శౌరయ్య.

సంజీవరావు నాలుక చప్పరించి పక్కకు తిరిగాడు.

“ఎక్కడా?”

“ఎక్కడా.”

సంపూర్ణమ్మ తల ఊపింది. “సరే. అబద్ధం చెప్పలేదు నువ్వు. ఆమాటకొస్తే చెప్పినా నమ్మేదాన్ని. వెళ్లి పక్కన నిలబడు, పిలుస్తారేమో.”

పిలిచారు. ఆదెమ్మే మళ్లీ మోసుకెళ్లింది. సంజీవరావు అభ్యంతరం చెప్పాడు, మెజిస్ట్రేటు గారు రాసుకున్నారు, మోయడానికి మాత్రం ఇంకో మనిషి దొరకలేదు. కుర్చీ వేశారు. సంపూర్ణమ్మ కుర్చీలో కూర్చుంది. కాళ్లు నేలకు ఆనలేదు. ప్రమాణం చేయించారు.

“తెరేసమ్మను మంచానికి కట్టడం నువ్వు చూశావా?” అని అడిగాడు సంజీవరావు.

“లేదండీ.”

“చేతికి ఏం జరిగింది?”

“మంచం పట్టెలో ఇరుక్కుందండీ. అదే తిప్పుకుంది. మతి లేని మనిషి కదండీ.”

“పోలీసులకు వేరేగా చెప్పావు. గుడ్డతో కట్టారు, రెండు రోజులు విప్పలేదని చెప్పావు.”

“ముసల్దాన్నండీ. ఏదో అనుంటాను.”

“ఎవరైనా బెదిరించారా నిన్ను?”

అప్పుడామె నేలకు ఆనని తన కాళ్లకేసి చూసుకుంది. మెజిస్ట్రేటు గారు కలం ఆపి తలెత్తారు. శౌరయ్య తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

“ఎవరూ బెదిరించలేదండీ. నన్ను బాగానే చూసుకుంటారండీ.”

అవతలి ప్లీడరు అడగడానికేమీ లేదని కూర్చున్నాడు. ఆదెమ్మ వచ్చి ఎత్తుకుంది. శౌరయ్య పక్కనుంచే తీసుకెళ్లింది. సంపూర్ణమ్మ మొహం ఆదెమ్మ భుజంలో పెట్టుకుంది. అతనికేసి చూడలేదు, అతనూ పలకరించలేదు. ఆమె చేసింది తప్పని అతను ఒక్కనాడూ అనుకోలేదు. అయినా క్షమించలేదు. రెంటికీ సంబంధం లేదు.

మెట్ల మీద సంజీవరావు పట్టుకున్నాడు. “సాక్షి తిరగబడింది కాబట్టి ఇక కొట్టేస్తారు. నువ్వు ఒక్క మాట అంటే అయిపోయేది శౌరయ్యా. ఒకే ఒక్క మాట. పైకోర్టు ఉంది, కావాలంటే...”

“వద్దండీ.”

“ఇంతా తిరిగి, ఇప్పుడు వద్దంటావేంటి?”

“వద్దన్నాను.”

పామర్రు బస్సులో సీటు దొరికింది. నిలబడే వచ్చాడు. కంకిపాడు దగ్గర బస్సు ఆగితే దిగి, బయల్దేరేదాకా దాని చుట్టూ తిరిగాడు. కండక్టరు, “ఎక్కు తాతా, తిరిగి తిరిగి బస్సుకే కళ్లు తిరిగేట్టున్నాయి” అన్నాడు.

పామర్రులో మాణిక్యమ్మ బస్టాండుకే వచ్చి నిలబడి ఉంది. చేతిలో అన్నం గిన్నె, గుడ్డ కట్టి. పక్కన ఏసుపాదం.

“అన్నయ్యా, నిన్నంతా ఆయనా నేనూ అనుకున్నాం” అంది దగ్గరికి వస్తూనే. “వసారాలో ఒక పక్క తడిక కట్టిద్దాం. ఆవిణ్ని తీసుకురా. మిల్లులో ఒక ముసలామె ఉంది, పొద్దునా సాయంత్రం వస్తానంది. ఏది, తీసుకురాలేదా? ఏమైంది కోర్టులో?”

శౌరయ్య చెల్లెలి మొహం చూశాడు, గిన్నె చూశాడు. బస్సు హారను కొట్టి మచిలీపట్నం వైపు వెళ్లిపోయింది.

“ఏమైందో చెప్పవేంటి బావా? సాక్ష్యం చెప్పిందా లేదా?” అన్నాడు ఏసుపాదం.

“ఈ సంగతి నా దగ్గర ఎత్తొద్దు. ఇవాళే కాదు, ఎప్పుడూ. నువ్వు ఎత్తినా, అది ఎత్తినా, మీ గడప తొక్కను.”

“అన్నయ్యా, నిన్న చెప్పాలనే...”

“మాణిక్యం! ఎత్తొద్దన్నాను.”

గిన్నె అందుకోకుండానే ఊరి దారి పట్టాడు. కేసు కొట్టేశారని కబురు తెచ్చిన వాణ్ని గుమ్మంలోంచే పంపేశాడు. ఆ తర్వాత ఫాదర్ గారు ఒకసారి అడిగారు, తలుపు దగ్గరగా వేశాడు. ఊరివాళ్లు ఒకటి రెండుసార్లు అడిగి మానేశారు. మాణిక్యమ్మ మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే అతను చెప్పి ఉండేవాడు కాదు.